గీత దాటని విమానాలు

దెయ్యాలు ఉన్నాయని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒకటే: వైరింగ్ చూపించారా అని. తలుపు దానంతటదే మూసుకుందంటే బందులు వదులై ఉంటాయి. లైటు ఆరి వెలిగిందంటే హోల్డరు పాడై ఉంటుంది. నేను తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను. "సార్, ఇది ఊరికే పోయింది" అని పిల్లలు తెచ్చిన ఏ పరికరమూ ఇన్నేళ్ళలో ఊరికే పోలేదు. లోపల ఏదో ఒక ముక్క చెడి ఉంటుంది. అది తీసి మంచిది పెడితే పని చేస్తుంది. నా చదువూ, నా నమ్మకమూ అంతే.

ఇప్పుడు రాసే సంగతి నమ్మమని నేనెవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను. పరీక్ష చేయడంలో నేనెక్కడ పొరపాటు పడ్డానో చెప్పగలిగినవాళ్ళుంటే చెప్పండి. మొహమాటం వద్దు. ఆ పొరపాటు దొరకడం నాకు చాలా అవసరం.

మా ఇంట్లో అప్పుడు ముగ్గురం. అమ్మ, నేను, తమ్ముడు మునిరాజ. నాయన పోయి చాలా కాలమైంది. నా పెళ్ళి ఎందుకు కాలేదన్నది వేరే కథ, అందులో దెయ్యాలు లేవు. మునిరాజ రేణిగుంట ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. వాడికి ఆ పని దొరికినందుకు జీతం ఎందుకిస్తున్నారో కూడా తెలియనంత సంతోషం. పనిలో రోజంతా విమానాల మధ్య తిరిగి ఇంటికొచ్చి, అన్నం తింటూ పైన శబ్దం వినబడితే ఎంగిలి చేత్తోనే మిద్దె ఎక్కేవాడు. అమ్మ కింద నుంచి తిడుతూ ఉండేది. వాడు పైనుంచి అది ఏ ఊరిదో చెబుతూ ఉండేవాడు.

జబ్బు కాళ్ళలో మొదలైంది. నడుస్తుంటే చెప్పు కాలికి నిలవక జారిపోయేది. ఆ తర్వాత మెట్ల మీద రెండుమూడు సార్లు పడ్డాడు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు తమిళం కలిసిన తెలుగులో, తొందరపడకుండా చెప్పాడు. నరాలు కండరాలకు మాట అందించడం ఒక్కొక్కటిగా మానేస్తాయి. కాళ్ళు, చేతులు, గొంతు, ఆఖరుకి ఊపిరి. తెలివి మాత్రం కడదాకా అలాగే ఉంటుంది. మందుందా అని అడిగాను. నెమ్మది చేసే మందుంది, వెనక్కి తిప్పే మందు లేదు అన్నాడు.

ఇంటికొచ్చి వాడికి తగ్గిపోతుందని చెప్పాం. అమ్మ చెప్పింది, నేను చెప్పాను, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ చెప్పారు. వాడు అందరి మాటా విని తలూపేవాడు.

వాడు మంచం పట్టాక విమానాల సిగ్నళ్ళు పట్టే రిసీవరు ఒకటి ఇంట్లో పెట్టాను. ఎగిరే విమానం తానెవరో, ఎక్కడుందో, ఎంత ఎత్తులో పోతోందో గాలిలోకి చెప్పుకుంటూ పోతుంది. మిద్దె మీద ఒక చిన్న యాంటెన్నా, దాన్నుంచి కిందికి కేబుల్, ఒక రేడియో రిసీవరు, అరచేతిలో పట్టే కంప్యూటరు ఉంటే ఆ మాటల్ని ఎవరైనా పట్టుకోవచ్చు. లోకంలో చాలామంది సరదాకి చేసే పనే. పాత టీవీ ఒకదాన్ని మునిరాజ మంచానికి ఎదురుగా గోడకు బిగించి, మ్యాపు దాంట్లో కనపడేలా చేశాను. విమానాలు మ్యాపు మీద చీమల్లా పాకుతూ పోయేవి.

ఆ మ్యాపులో ఒక గీత కూడా ఉంటుంది. మన యాంటెన్నాకి ఏ దిక్కున ఎంత దూరం దాకా విమానాలు అందుతున్నాయో అది చూపిస్తుంది. ఆ గీత లోపలున్నదే మన రేంజి. మాకు ఉత్తరాన తిరుమల కొండ అడ్డం కాబట్టి అటువైపు గీత లోపలికి నొక్కుకుపోయి ఉండేది. మిగతా దిక్కుల్లో లోటు లేదు. తూర్పున మద్రాసు దాటి సముద్రం మీదికి, పడమర బెంగళూరు దాటి, దక్షిణాన పాండిచ్చేరి దాటి అందేవి. "సూడన్నా, శ్రీలంక పోయేదాన్ని మన మిద్దె మిందనుంచి పట్టుకున్నాం" అనేవాడు మునిరాజ. మంచం మీద పడుకుని వాడు అంత దూరం చూస్తుంటే నాకు కాస్త ఊపిరాడినట్టు ఉండేది. వాడికి నేను చేయగలిగిందంటూ అదొక్కటే.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు, నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే మునిరాజ పిలిచాడు.

"న్నా, పొద్దున్నుంచీ సముద్రం మింద ఒక్కటీ రాలేదు. వైరు యాడన్నా ఊడిందేమో సూడు."

మిద్దె ఎక్కి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యాంటెన్నా నిండా పసుపు. దాని మీద కుంకుమ బొట్లు, అడ్డంగా విభూతి. కింద ఇనుప గొట్టానికి కోసిన నిమ్మకాయ. ఆయుధపూజ రోజు అమ్మ మిక్సీకి, కుట్టుమిషనుకు, నా స్కూటరుకు చేసినట్టే దీనికీ చేసింది. చేసేముందు శుభ్రంగా నీళ్ళు పోసి కడిగింది కూడా. కేబుల్ కలిసే చోట నేను చుట్టిన టేపు నానిపోయి ఉంది. విప్పితే లోపల పసుపు నీళ్ళు, రాగి మీద పచ్చటి చిలుము.

కిందికొచ్చి అమ్మ మీద కేకలేశాను. ఆమె ఏమీ తగ్గలేదు.

"వాడికి అదొకటే గదరా ఆధారం ఇప్పుడు. మిక్సీకి పెట్టి దానికి బొట్టు పెట్టకుండా ఎట్ల ఉంటాను?"

నిజానికి నాకు లోపల సంతోషంగానే ఉంది. కారణం దొరికింది. కనెక్టరు కోసి కొత్తది వేశాను, నీళ్ళు దిగకుండా రబ్బరు టేపు గట్టిగా చుట్టాను, యాంటెన్నా స్పిరిట్‌తో తుడిచాను. ఇక సముద్రం వచ్చేస్తుందని మునిరాజకు చెప్పాను.

రాలేదు. మరుసటి వారానికి బెంగళూరు అవతలివి కూడా పోయాయి.

ల్యాబులో మా పద్ధతి ఒకటుంది. అనుమానం వచ్చినదాని గురించి ఆలోచిస్తూ కూర్చోం, మార్చి చూస్తాం. మంచిదని తెలిసిన ముక్క తెచ్చి దాని చోట పెడతాం. బాగుపడితే తీసినదే దొంగ. బాగుపడకపోతే అది నిర్దోషి, తర్వాతిదాన్ని పట్టుకోవాలి. ఆ వరసలోనే పోయాను. కేబుల్ మొత్తం మార్చాను. యాంటెన్నా మార్చాను. రేడియో మార్చాను. కరెంటు ఇచ్చే అడాప్టరు మార్చాను. దగ్గర్లో ఉన్న సెల్ టవరు గోల అడ్డొస్తుందేమోనని మధ్యలో ఫిల్టరు పెట్టాను. రేడియోలో సిగ్నలుని పెంచే తగ్గించే సెట్టింగు ఉంటుంది, దాన్ని పైనుంచి కిందిదాకా ఒక్కొక్క మెట్టు దించి చూశాను. ఒక ఆదివారం పగలు ఇంటి మెయిన్ ఆపేసి, పక్కింటివాళ్ళని బతిమాలి వాళ్ళ ఇన్వర్టరు కూడా ఆపించి, బ్యాటరీ మీద నడిపాను. గీత కదల్లేదు. మునిరాజ చెమటలు కక్కుతూ ఫ్యాను లేకుండా పడుకుని నన్నే చూస్తున్నాడు.

ఇక్కడ రెండు వివరాలు చెప్పాలి. తెలిసినవాళ్ళకు ఇవి ముఖ్యం.

యాంటెన్నా చెడినా కేబుల్ చెడినా దగ్గరి విమానాల సిగ్నలు కూడా నీరసంగా రావాలి. చెవుడు వచ్చినవాడికి పక్కనున్నవాడి మాట కూడా చిన్నగానే వినబడుతుంది కదా. మాకు అలా లేదు. గీత లోపలున్న విమానం ముందెంత గట్టిగా వచ్చేదో ఇప్పుడూ అంతే గట్టిగా వస్తోంది. గీత దాటగానే మాయం. పైగా బాగా ఎత్తులో పోయే విమానం ఎక్కువ దూరం అందాలి, కిందుగా పోయేది ముందే తప్పిపోవాలి. మాకు రెండూ ఒకే చోట తప్పిపోతున్నాయి.

రెండోది, ఆ గీత ఆకారం. ఏ ఇంటికీ రేంజి గుండ్రంగా ఉండదు. ఒక పక్క చెట్టు, ఒక పక్క మిద్దె, ఒక పక్క కొండ, అన్నీ కలిసి వంకరటింకరగా ఉంటుంది. మాది తగ్గేకొద్దీ వంకరలు పోయాయి. కొండవైపు నొక్కు కూడా పోయి, చేతి గాజు పెట్టి చుట్టూ గీసినట్టు అయింది. మా ఇల్లు సరిగ్గా నడిమధ్యలో.

చిత్తూరులో జయపాల్ అని నాతో డిప్లొమా చదివినవాడున్నాడు. సీసీ కెమెరాలు బిగిస్తాడు. నాకీ విమానాల సరదా అంటించింది వాడే, వాళ్ళింటి మీద కూడా ఇలాంటి యాంటెన్నా ఉంది. వాడు తన దగ్గరున్న ఇంకో సెట్టు మొత్తం సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు. మా మిద్దె మీద పెట్టాం. మా సెట్టు ఎక్కడిదాకా చూపిస్తోందో వాడిదీ అక్కడిదాకే చూపించింది. మా సెట్టుని నేను కాలేజీకి తీసుకుపోయి ల్యాబు పైకప్పు మీద పెడితే సముద్రం, బెంగళూరు, పాండిచ్చేరి అన్నీ వచ్చాయి. తెచ్చి ఇంట్లో పెడితే మళ్ళీ గాజంత.

"ఏమప్పా, ఆకాశానికి గేటు పెట్టి తాళమేసినారా మీ ఇంట్లో?" అన్నాడు జయపాల్. వాడు నవ్వించబోయాడు. మునిరాజ నవ్వాడు కూడా. అప్పటికి వాడి చేతులు లేవడం లేదు, అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది.

ఆ రోజుల్లో నా మీద నాకే చిరాకు. తమ్ముడి జబ్బు నా చేతిలో లేదు, ఒప్పుకున్నాను. ఈ డబ్బా నా చేతిలో ఉన్నదే కదా. దీన్ని కూడా బాగుచేయలేకపోతే నేను ఎందుకు పనికొస్తాను? కాలేజీ నుంచి రాగానే కాఫీ కూడా తాగకుండా మిద్దె ఎక్కేవాడిని. మద్రాసు పోయింది. కాంచీపురం పోయింది. నేను దిగి వచ్చేసరికి మునిరాజ నా ముఖం చూసి టీవీ వైపు తిరిగేవాడు.

అమ్మకు కాణిపాకం మొక్కు ఉండింది. వాడిని స్వామి ముందుకు తీసుకొస్తానని మొక్కుకుంది. ఇంక ఆలస్యం చేస్తే వాడు కూర్చోలేడని భయపడి ఒక వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. ఒక్క రోజులో పోయి రావడం వాడికి కష్టం కాబట్టి దర్శనమయ్యాక చిత్తూరులో జయపాల్ ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దున తిరిగి రావాలని అనుకున్నాం.

దర్శనం బాగా అయింది. గుడిలో వాళ్ళు చక్రాల కుర్చీని ముందుకు పంపించారు. అమ్మ చాలాసేపు చేతులు జోడించి నిలబడింది, ఏమడిగిందో నేను అడగలేదు. మధ్యాహ్నానికి జయపాల్ ఇంటికి చేరాం. మునిరాజను హాల్లో దివాను మీద పడుకోబెట్టాం. ఎదురుగా జయపాల్ వాళ్ళ టీవీ. వాడిని సంతోషపెట్టాలని జయపాల్ తన మ్యాపు పెట్టాడు.

మేం లోపలికొచ్చినప్పుడు ఆ గీత సముద్రం మీద ఉంది. నేను నా కళ్ళతో చూశాను. జయపాల్ భార్య టీ తెచ్చింది. టీ తాగడం పూర్తయ్యేలోగా దూరంగా ఉన్న విమానాలు ఒక్కొక్కటీ ఆరిపోవడం మొదలైంది. ముందు సముద్రం మీదివి, తర్వాత బెంగళూరువి, తర్వాత మద్రాసువి. మ్యాపు చుట్టూ ఖాళీ అయిపోతూ వచ్చి, మా ఇంట్లో ఎంత మిగిలిందో అంత దగ్గర ఆగింది.

జయపాల్ గబగబా కుర్చీ వేసుకుని గోడ మీది వైరు లాగి చూస్తున్నాడు. దివాను మీద నుంచి మునిరాజ మాట్లాడాడు. వాడి మాట అప్పటికే ముద్దగా వచ్చేది, అయినా అందరికీ అర్థమైంది.

"దిగు జయపాలన్నా. వైరు బాగుండాది."

నేను బయటికి వచ్చి ఫోన్ తీశాను. మా ఇంటి మ్యాపుని ఫోన్లో ఎక్కడినుంచైనా చూడవచ్చు. చూశాను. తాళం వేసిన మా ఇంట్లో, ఎవరూ లేని ఆ గదిలో, మ్యాపు నిండా విమానాలు. తూర్పున సముద్రం. పడమర బెంగళూరు దాటి ఇంకా పోతోంది. ఉత్తరాన కొండవైపు నొక్కు ఎప్పటిలాగే ఉంది.

అన్నీ మార్చి చూశాను అనుకున్నాను. మార్చి చూడని ముక్క ఒకటి మిగిలిపోయింది. అది మంచం మీద ఉంది.

మర్నాడు బయల్దేరాం. వ్యాను పూతలపట్టు చేరకముందే జయపాల్ ఫోన్ చేశాడు. గొంతులో ఎగతాళి లేదు. "మీరు వీధి దాటినాక మాది వచ్చేసినాది అప్పా. అంతా వచ్చేసినాది" అన్నాడు. చంద్రగిరి దగ్గర ఫోన్ చూశాను, మా ఇల్లు ఇంకా సముద్రం దాకా చూస్తోంది. మా వీధి మలుపు తిరిగాక చూస్తే గుండ్రటి గీత. నేను ఫోన్ జేబులో పెట్టుకుని వాడిని ఎత్తుకున్నాను. వాడు పత్తి బస్తాలా తేలిగ్గా ఉన్నాడు.

తర్వాత కూడా ఒకసారి వేలూరు తీసుకుపోయినప్పుడు ఫోన్లో చూశాను. అదే జరిగింది. ఒక్కసారి జరిగితే యాదృచ్ఛికం అనవచ్చు. ప్రతిసారీ జరిగేదాన్ని ఏమనాలో మా పుస్తకాల్లో లేదు.

నేను వాడికి ఏమీ చెప్పలేదు. ఒక ఉపాయం చేశాను. సెట్టుని కాలేజీ పైకప్పు మీద పెట్టి, అక్కడి మ్యాపుని ఇంటర్నెట్టులో తెచ్చి వాడి టీవీలో పెట్టాను. బాగుపడింది చూడు, అన్నాను. టీవీ నిండా విమానాలు. శ్రీలంక పోయేది కూడా వచ్చింది. అమ్మ సంతోషంగా గుమ్మంలో నిలబడి, చేతిలో వాడి అన్నం గిన్నెతో చూస్తోంది.

మునిరాజ కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది మనది కాదు గదన్నా."

మనదే, అన్నాను.

"కొండ పక్క నొక్కు వేరేగా ఉండాది. ఇది మీ కాలేజీది. తీసెయ్ నా. మనదెంత ఉంటే అంతే పెట్టు."

అది సరిగ్గా లేదురా, బాగయ్యేదాకా ఇది చూడు అన్నాను. వాడు ఊపిరి కూడదీసుకుని, ఆగి ఆగి చెప్పాడు. అంత పొడుగు మాట వాడు మళ్ళీ మాట్లాడలేదు.

"అందురూ నాకు తగ్గిపోతాదని సెప్తారు. నువ్వు సెప్తావు, అమ్మ సెప్తాది. నాకు తెలీదా? అదొకటే నాకు అబద్ధం సెప్పలేదు. ఎంత మిగిలుండాదో దాన్ని సూసే తెలుసుకుంటా ఉండా. దాన్ని కూడా మార్సేస్తే నాకు ఇంగెవరు సెప్తారన్నా?"

అమ్మ ఆ మాటలన్నీ వింది. గిన్నె కింద పెట్టి వచ్చి వాడి తల నిమిరింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో తగ్గిపోతుందని ఎవరూ అనలేదు. నేను సెట్టు ఇంటికి తెచ్చి పెట్టాను. మిద్దె ఎక్కడం మానేశాను. సాయంత్రాలు వాడి పక్కన కూర్చుని ఇద్దరం ఆ గుండ్రటి గీత లోపల తిరిగే నాలుగు విమానాలనూ చూసేవాళ్ళం. వాడు కళ్ళతో ఒకదాన్ని చూపిస్తే అది ఎక్కడికి పోతోందో నేను చదివి చెప్పేవాడిని.

గీత తగ్గుతూనే వచ్చింది. పుత్తూరు పోయింది. శ్రీకాళహస్తి పోయింది. ఆఖరుకి రేణిగుంటలో దిగేవి, లేచేవి మాత్రం మిగిలాయి. ఒకప్పుడు వాడు సామాన్లు ఎక్కించిన విమానాలు అవి.

ఒక మధ్యాహ్నం మా మిద్దె మీదుగా ఒక విమానం కిందుగా పోయింది. కిటికీ అద్దాలు అదిరాయి. అంత దగ్గర. మునిరాజ ఆ శబ్దం విని టీవీ వైపు చూశాడు. నేనూ చూశాను. మ్యాపు ఖాళీగా ఉంది. ఒక్క చుక్క లేదు. వాడు కళ్ళు నా వైపు తిప్పి, చాలా నెమ్మదిగా మూసి తెరిచాడు. నేను వాడి చేయి పట్టుకుని గట్టిగా ఏడ్చాను. వాడు ఏడవలేదు, వాడికి ఆ కండరాలు కూడా లేవు.

ఆ వారం దాటలేదు వాడు. పొద్దున అమ్మ ముఖం తుడుస్తుంటే పోయాడు.

కర్మంతరాలు అయ్యాక అమ్మ ఆ టీవీ పెట్టమంది. నేను వద్దన్నాను. ఆమె తనే రిమోటు తీసుకుని పెట్టింది. మీరు అనుకున్నట్టే ఉంది. సముద్రం, బెంగళూరు, పాండిచ్చేరి, కొండవైపు నొక్కు. ఏమీ జరగనట్టే అన్నీ వచ్చేశాయి. నాకు ఆ డబ్బాని మిద్దె మీద నుంచి కిందికి విసిరేయాలన్నంత కోపం వచ్చింది. అమ్మ మాత్రం కొడుకు మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. "వాడు సూసేది నేను సూస్తా" అంది. అప్పటినుంచి పూలు కట్టుకున్నా, చిక్కుడుకాయలు వొలుచుకున్నా ఆ గదిలోనే. విమానాల పేర్లు కూడా కొన్ని నేర్చుకుంది. పొద్దున పెడితే పడుకునేటప్పుడే ఆపేది.

అలా చాలా నెలలు గడిచాయి. ఇదంతా రాయాలని అప్పుడు నాకు అనిపించలేదు. మనసు పాడైనవాడి ఊహ అనుకుని మర్చిపోయి ఉండేవాడిని.

పోయిన నెల తూర్పున సముద్రం తగ్గింది. నాకు మొదట సంతోషమే వేసింది. వానలు పడ్డాయి, కనెక్టర్లోకి నీళ్ళు దిగి ఉంటాయి అనుకున్నాను. చాలా రోజుల తర్వాత మిద్దె ఎక్కాను. టేపు విప్పాను. లోపల పొడిగా ఉంది, రాగి మెరుస్తోంది. కిందికొచ్చి మ్యాపు చూశాను. దగ్గరి విమానాలు ఎప్పటంత గట్టిగానే వస్తున్నాయి. గీత వంకరలు పోయి గుండ్రంగా అవుతోంది.

ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

తేల్చుకోవడం ఎంత సులువో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది. నేను పగలంతా కాలేజీలో ఉంటాను. అక్కడ ఫోన్ తీసి మా ఇంటి మ్యాపు చూస్తే చాలు. నేను లేనప్పుడు గీత విచ్చుకుంటే, అది నేను. విచ్చుకోకపోతే, అమ్మ. పిల్లలకు రోజూ నేర్పే పరీక్షే ఇది, మార్చి చూడటం. నేను ఆ లింకుని ఫోన్లోంచి తీసేశాను. జయపాల్ అడిగితే సెట్టు ఎప్పుడో ఆపేశానని చెప్పాను. రెండు జవాబుల్లో ఏదొచ్చినా నేను తట్టుకోలేను.

ఒక యంత్రానికి మనిషి ఆయువుతో ఏం సంబంధమో నాకు ఈ రోజుకీ తెలియదు. దెయ్యమంటే నమ్మను, ఇప్పటికీ నమ్మను. ఇందులో దెయ్యం కూడా లేదు. ఒక గీత ఉంది, అంతే. అది దగ్గరికొస్తోంది.

కానీ నేను చూడనంత మాత్రాన ఎవరూ చూడటం లేదని కాదు. అమ్మ రోజంతా ఆ టీవీ ముందే కూర్చుంటుంది. నేను బయటికెళ్ళాక ఆ గీత ఏమవుతుందో, నేను తిరిగొచ్చాక ఏమవుతుందో ఆమెకు తెలిసే ఉంటుంది. ఆమెను నేను అడగలేదు.

ఈమధ్య నేను కాలేజీ నుంచి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంటోంది. నిన్న అడిగాను, ఎందుకమ్మా ఆపేశావు అని.

"కండ్లు లాగతా ఉండాయి నాయనా" అంది.

తర్వాత లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. నేను గట్టిగా పట్టుకున్నానని తెలిసేదాకా ఆమె ఆ గ్లాసు వదల్లేదు.